ఇచ్చినదే మిగిలింది

యెరూషలేము దేవాలయం నుంచి వెళ్తుండగా శిష్యుల్లో ఒకడు యేసుప్రభువుకు ఆ రాళ్లు చూపించాడు. ఎంత పెద్ద రాళ్లో, ఎంత గొప్ప కట్టడాలో చూడమన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. హేరోదు విస్తరించి కట్టించిన ఆ దేవాలయం ఆనాటి లోకంలో పేరుమోసిన కట్టడమే. ప్రభువు మాత్రం మురిసిపోలేదు. ఇక్కడ రాయి మీద రాయి నిలవని రోజు వస్తుందన్నాడు (మార్కు 13:1,2). నలభై ఏళ్లు తిరిగేసరికి, క్రీ.శ. 70లో, రోమా సైన్యం చేతిలో అది కూలిపోయింది.

సువార్తలో దీనికి సరిగ్గా ముందు ఏమి రాసి ఉందో గమనించారా? ఒక బీద విధవరాలి సంగతి రాసి ఉంది. ధనవంతులు కానుకపెట్టెలో పెద్ద మొత్తాలు వేస్తుంటే ఆమె రెండు కాసులు వేసింది. ప్రభువు శిష్యులను దగ్గరికి పిలిచి ఆమె సంగతి చెప్పాడు (మార్కు 12:41-44). ప్రభువు విధవరాలిని చూపిస్తే, శిష్యుడు రాళ్లను చూపించాడన్నమాట. ఆ రాళ్లు పడిపోయాయి. ఆ రెండు కాసుల సంగతి మాత్రం రెండు వేల ఏళ్ల తర్వాత కొల్లేటి లంకల్లోని చిన్న ప్రార్థన మందిరాల్లో కూడా వినిపిస్తోంది.

ఏది పోతుంది, ఏది మిగులుతుంది అన్న ఈ పాఠాన్ని కళ్లారా చూడడానికి మనం యెరూషలేము దాకా వెళ్లనక్కర్లేదు. ఏలూరుకు కూతవేటు దూరంలోనే ఒక పాత మహానగరం మట్టి కింద ఉంది. అదే పెదవేగి. ఒకప్పటి వేంగీపురం.

ఇంతేనా?

ఏలూరుకు ఉత్తరాన సుమారు పన్నెండు కిలోమీటర్లు వెళ్తే పెదవేగి వస్తుంది. తాడేపల్లిగూడెం వారికి ఉదయం బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరుకోగలిగిన ప్రయాణం. రైల్లో ఏలూరు వెళ్లేవారు భీమడోలు దాటాక దెందులూరు స్టేషను చూస్తారు. పెదవేగి, చినవేగి, దెందులూరు ఊళ్లున్న ప్రాంతమంతా పాత వేంగి నగరం పరుచుకుని ఉండేదని చరిత్రకారుల అభిప్రాయం. మనలో చాలామంది ఆ నగరాన్ని రైలు కిటికీలోంచి లెక్కలేనన్నిసార్లు దాటిపోయాం. అది నగరమని ఎవరికీ తెలియదు.

రాజధాని అనగానే కోటబురుజులు, సింహద్వారాలు ఊహించుకుని వెళ్లినవారికి అక్కడ కనిపించేవి మట్టి దిబ్బలు. తవ్వకాల్లో బయటపడిన ఇటుక పునాదులు. పురావస్తుశాఖ పెట్టిన బోర్డు. చుట్టూ పచ్చని తోటలు. ఈ రోజుల్లో పెదవేగి పేరు దేశంలో వినిపిస్తోందంటే ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ వల్లనే గానీ రాజుల వల్ల కాదు. అందుకే సెలవురోజున పిల్లలను తీసుకుని వెళ్లినవారు పావుగంట అటూ ఇటూ తిరిగి, ఇంతేనా అంటారు.

ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. దేవాలయం ముందు శిష్యుడు ఎంత గొప్పదో అన్నాడు. దిబ్బ ముందు మనం ఇంతేనా అంటున్నాం. ఆ రెండు మాటల మధ్య ఉన్నది కాలమే. ఇవాళ మనం గొప్పదంటున్న ప్రతి కట్టడాన్నీ ఏదో ఒక రోజు ఎవరో ఒకరు చూసి ఇంతేనా అంటారు. ప్రభువుకు ఆ రెండో మాట ముందే వినిపించింది.

రాజులు వచ్చారు, పోయారు

వేంగి చిన్న ఊరేమీ కాదు. క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెక్సంద్రియ నగరంలో కూర్చుని లోకమంతటి ఊళ్ల పట్టిక రాసిన టాలమీ, ఈ తీరంలో సలకేనులనే జనాన్నీ, వాళ్ల బెనగౌరాన్నీ పేర్కొన్నాడు. సలకేనులంటే శాలంకాయనులని, బెనగౌరం అంటే వేంగీపురమని చాలామంది చరిత్రకారులు భావించారు. 4వ శతాబ్దంలో ఉత్తరాది చక్రవర్తి సముద్రగుప్తుడు దక్షిణాదికి దండెత్తి వచ్చి తాను ఓడించిన రాజుల పేర్లు అలహాబాదు స్తంభం మీద చెక్కించుకున్నాడు. ఆ వరుసలో వేంగి రాజు హస్తివర్మ పేరుంది. శాలంకాయనుల తర్వాత విష్ణుకుండినులు వచ్చారు. 7వ శతాబ్దంలో బాదామి చాళుక్యరాజు రెండో పులకేశి ఈ నేలను గెలిచి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడి చేతిలో పెట్టాడు. అతనితో మొదలైన తూర్పు చాళుక్యులు నాలుగు వందల ఏళ్లకు పైగా పాలించారు. ఆ శతాబ్దంలోనే చైనా యాత్రికుడు హుయాన్ త్సాంగ్ ఆంధ్రదేశానికి వచ్చి, దాని రాజధాని చుట్టుకొలతను కూడా తన భాషలో రాసుకున్నాడు. అది వేంగీపురమేనని పండితుల అభిప్రాయం.

తర్వాత రాజధాని రాజమహేంద్రవరానికి తరలిపోయింది. రాజు వెళ్లాక నగరానికి పని లేకుండా పోయింది. పని లేని నగరం పల్లె అయింది. పల్లె పక్కన దిబ్బ మిగిలింది.

మరి ఇన్ని పేర్లు, ఇన్ని సంగతులు మనకెలా తెలిశాయి? కొన్నింటిని పైదేశాలవారు రాసి పెట్టారు. మిగిలినవాటిలో చాలా భాగం మనకు రాగిరేకులు చెప్పాయి. అసలు సంగతి ఇక్కడే ఉంది.

రాగిరేకుల సాక్ష్యం

వేంగి రాజులు ఎక్కిన సింహాసనం దొరకలేదు. వాళ్లు నిద్రపోయిన మేడ నిలవలేదు. దొరికినవి వాళ్లు భూములు ఇస్తూ రాయించిన రాగిరేకుల దానశాసనాలు. ఏలూరులో దొరికిన విజయదేవవర్మ ప్రాకృత శాసనం, పెదవేగిలో దొరికిన రెండో నందివర్మ శాసనం, కొల్లేరు శాసనంగా పేరుపడిన మరో నందివర్మ శాసనం అలాంటివే. వేంగీపురం నుంచి వెలువడిన ఆజ్ఞలవి.

వాటిలో ఏలూరు శాసనం మనకు ఆసక్తి కలిగిస్తుంది. సుమారు పదిహేడు వందల ఏళ్ల కిందటిది. వేంగీపురం నుంచి రాజు ఏలూరు గ్రామస్థులకు రాయించిన ఉత్తర్వు అది. గణశర్మ అనే బ్రాహ్మణుడికి ఇరవై నివర్తనాల భూమి ఇచ్చామని అందులో ఉంది. నివర్తనం అంటే ఆనాటి భూమి కొలత. ఏలూరు పేరు కనిపించే అతి పాత రాతల్లో ఇదొకటి. ఆనాడు వేంగి నగరం, ఏలూరు దాని కింద ఒక పల్లె. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక ఏలూరు తన పేరుతోనే ఉన్న జిల్లాకు కేంద్రం. పెదవేగి ఆ జిల్లాలో ఒక మండలం. పైవారు కిందికి, కిందివారు పైకి రావడం దేవుని పద్ధతి అని మరియమ్మ కీర్తిస్తూ చెప్పిన సంగతి (లూకా 1:52) ఇక్కడ జిల్లా పటం మీదే చూడవచ్చు.

ఈ రేకులు ఎందుకు నిలిచాయి? రాగి గట్టిది కాబట్టి అనుకుంటాం. అంతకంటె పెద్ద కారణం ఒకటుంది. భూమి పుచ్చుకున్న కుటుంబానికి ఆ రేకే పట్టా. అందుకని తండ్రి కొడుకు చేతిలో పెట్టాడు, కొడుకు మనవడి చేతిలో పెట్టాడు, భయం వచ్చినప్పుడు భూమిలో దాచారు. రాజు తన కోసం దాచుకున్న బంగారాన్ని శత్రువులు దోచుకున్నారు. రాజు ఇచ్చినదాన్ని పుచ్చుకున్నవారు కాపాడారు. రాజుల పేర్లు సైతం ఆ కాపుదల వల్లనే మనదాకా వచ్చాయి. భూమి మీద ధనం కూర్చుకోవద్దని, అక్కడ చిమ్మెట తింటుందని, దొంగలు కన్నం వేస్తారని ప్రభువు కొండమీద చెప్పిన మాటకు (మత్తయి 6:19,20) పెదవేగి మంచి సాక్ష్యం.

రేకులో లేని పేర్లు

అయితే ఇక్కడ ఆగిపోతే సత్యం సగమే చెప్పినట్టవుతుంది. ఆ రేకుల్లో ఇచ్చినవారి పేరుంది. పుచ్చుకున్నవారి పేరుంది. ఆ ఇరవై నివర్తనాల్లో నాగలి పట్టినవారి పేరు లేదు. నాట్లు వేసిన ఆడవాళ్ల పేరు లేదు. ఇటుకలు కాల్చి ఆ నగరాన్ని కట్టినవారి పేరు లేదు. తమ ధర్మం, ఆయుష్షు, కీర్తి పెరగాలని కోరుకుంటూ దానాలు ఇవ్వడం ఆనాటి రాజుల ఆచారం. ఇచ్చారు, నిజమే. ఇచ్చినట్టు రాయించుకున్నారు కూడా.

పందొమ్మిదో శతాబ్దంలో గోదావరి, కృష్ణా డెల్టాలకు సువార్త వచ్చినప్పుడు దాన్ని ముందుగా అందుకున్నవారిలో ఎక్కువమంది ఏ శాసనంలోనూ పేరు లేనివారి సంతానమే. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో ఎన్నో కుటుంబాలకు తమ తాతముత్తాతల పేర్లు మొదటిసారి సిరాతో రాసి కనిపించేది సంఘపు బాప్తిస్మపు రిజిస్టరులోనే. అధికారం దొరికిందని సంతోషపడవద్దు, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నాయని సంతోషించండి అన్న భావంతో ప్రభువు శిష్యులకు చెప్పిన మాట (లూకా 10:20) ఆ కుటుంబాలకు అర్థమైనంతగా రాజులకు అర్థం కాదు. రెండు కాసుల విధవరాలి పేరు కూడా సువార్తలో లేదు. ఆమె రాయించుకోలేదు, ప్రభువే చూశాడు.

కాబట్టి ఇచ్చినది మిగులుతుందన్నది నిజమే గానీ, పేరు కోసం ఇచ్చినది రాగి ఉన్నంతకాలమే మిగులుతుంది. ప్రేమతో ఇచ్చినది దేవుని జ్ఞాపకంలో మిగులుతుంది. ఈ తేడా ఒక నగరానికి ప్రభువు స్వయంగా చెప్పి పంపాడు. ఆ నగరం ఎఫెసు.

అలెక్సంద్రియ నుంచి ఎఫెసుకు

వేంగి పేరు రాసుకున్న టాలమీది అలెక్సంద్రియ అనుకున్నాం కదా. బైబిలు చదివేవారికి ఆ ఊరు తెలిసిందే. లేఖనాల్లో ప్రవీణుడైన అపొల్లో ఆ పట్టణస్థుడే (అపొ.కా. 18:24). అతను ఓడెక్కి వచ్చి దిగిన చోటు ఎఫెసు. ఆ రోజుల్లో రోమా సామ్రాజ్యపు ఓడలు ఇటు మన తీరానికి కూడా వచ్చేవి. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమను వెండి నాణేల రాశిలో ఔగుస్తు, తిబెరి కైసరుల నాణేలున్నాయి. ప్రభువు పుట్టింది ఆ మొదటి కైసరు కాలంలో, సిలువ వేయబడింది ఆ రెండో కైసరు కాలంలో. వేంగి, ఎఫెసు ఒకే లోకంలో ఊపిరి పీల్చిన నగరాలు.

నేటి టర్కీ దేశంలో ఉన్న ఎఫెసు శిథిలాలు పెదవేగి దిబ్బల్లా ఉండవు. చలువరాతి వీధులున్నాయి. గ్రంథాలయపు ముఖద్వారం నిలబడి ఉంది. సుమారు పాతికవేలమంది పట్టే నాటకశాల కొండవాలులో అలాగే ఉంది. వెండి పనివాడు దేమేత్రి రేపిన అల్లరిలో జనం పోగై రెండు గంటలసేపు తమ అర్తెమి దేవి పేరు చెప్పి కేకలు వేసింది ఆ నాటకశాలలోనే (అపొ.కా. 19:23-41). ఆ దేవి గుడి లోకంలోని ఏడు వింతల్లో ఒకటి. దాన్ని వెతకడానికి జాన్ టర్టిల్ వుడ్ అనే ఇంగ్లిషు ఇంజనీరు 1863లో మొదలుపెట్టి, 1869 డిసెంబరు 31న గానీ కనుక్కోలేకపోయాడు. ఏడు వింతల్లో ఒకటైన కట్టడం ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా సుమారు ఆరు మీటర్ల ఒండ్రుమట్టి కింద ఉంది. ఇవాళ అక్కడ ముక్కలు పేర్చి నిలబెట్టిన ఒక్క స్తంభం కనిపిస్తుంది. 2015లో యునెస్కో ఎఫెసును ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. చూసేవారు వేలల్లో వస్తారు. కాపురముండేవారు ఒక్కరూ లేరు.

అంతటి నగరం ఎందుకు పోయింది? శత్రువులు దోచారు, భూకంపాలు కదిపాయి. కానీ కోలుకోనివ్వని దెబ్బ మరొకటుంది. దాన్ని కొల్లేటి ప్రాంతంవారికి ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. అది పూడిక.

ఎఫెసు రేవుపట్నం. పక్కనున్న నది ఏటేటా ఒండ్రు తెచ్చి రేవులో పోసింది. క్రీ.శ. 61 ప్రాంతంలో రోమా అధిపతి ఒకడు రేవును తవ్వించాడు. 2వ శతాబ్దంలో హద్రియాను చక్రవర్తి నదినే పక్కకు మళ్లించాడు. అయినా పూడిక ఆగలేదు. ఓడలు రావడం తగ్గింది, వ్యాపారం పోయింది, నీరు నిలిచి జ్వరాలు వచ్చాయి, జనం కొండవైపు తరలిపోయారు. ఇవాళ సముద్రం ఆ రేవుకు ఐదు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది.

రెండు నదుల ఒండ్రు మధ్య మిగిలిన పల్లమే మన కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి అందులో కలుస్తాయి, ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి తీసుకెళ్తుంది. ఉప్పుటేరు పూడితే ఏమవుతుందో లంకగ్రామాల ప్రజలకు తెలుసు. పూడిక ఒక్క రాత్రిలో రాదు. ఈ ఏడాది ఒక పొర, వచ్చే ఏడాది ఒక పొర. పడవ నడిచినంతకాలం ఎవరూ పట్టించుకోరు. పడవ అడుగు నేలకు తగిలిన రోజున అందరూ ఉలిక్కిపడతారు.

ఒక్క తరంలో

ఎఫెసు సంఘానికి జరిగింది కూడా అదే. పౌలు అక్కడ మూడేళ్లు కన్నీళ్లతో బోధించాడు (అపొ.కా. 20:31). తురన్ను పాఠశాలలో రెండేళ్లు రోజూ మాట్లాడాడు. మాంత్రిక విద్యలు మానుకున్నవారు యాభైవేల వెండి రూకల విలువైన పుస్తకాలను అందరి ముందు కాల్చివేశారు (అపొ.కా. 19:9,10,19). చివరికి పౌలు యెరూషలేముకు వెళ్తూ మిలేతు రేవులో ఆ సంఘపు పెద్దలను పిలిపించుకుని వీడ్కోలు చెప్పాడు. తానెవరి వెండినీ బంగారాన్నీ బట్టలనూ ఆశించలేదని, తన చేతులతో పని చేసుకుని తనతో ఉన్నవారిని కూడా పోషించానని గుర్తుచేశాడు. పుచ్చుకోవడం కంటె ఇవ్వడమే ధన్యమని ప్రభువు చెప్పిన సంగతిని వాళ్లకు అప్పగించాడు (అపొ.కా. 20:33-35). ఈ మాట నాలుగు సువార్తల్లో ఎక్కడా లేదు. ఎఫెసు పెద్దలకు పౌలు చెప్పినందువల్లనే మనకు దక్కింది. ఆ రోజు వాళ్లంతా అతని మెడమీద పడి ఏడ్చారు.

మిలేతు రేవు కూడా తర్వాత పూడిపోయింది. సముద్రం అక్కడి నుంచీ వెనక్కి వెళ్లిపోయింది. ఆ రేవులో చెప్పిన మాట మాత్రం మనదాకా వచ్చింది.

చాలామంది పండితుల లెక్క ప్రకారం ఆ వీడ్కోలు జరిగిన సుమారు నలభై ఏళ్లకు పత్మసు ద్వీపం నుంచి యోహాను ద్వారా ఎఫెసు సంఘానికి ప్రభువు ఉత్తరం వచ్చింది (ప్రకటన 2:1-7). అందులో మెప్పు చాలా ఉంది. కష్టపడుతున్నారు, ఓర్చుకుంటున్నారు, దొంగ బోధకులను పరీక్షించి పట్టుకున్నారు, అలసిపోలేదు. ఈ రోజుల్లో ఏ సంఘానికైనా వార్షిక నివేదికలో ఇంతకంటె మంచి మాటలేమి కావాలి? కానీ ప్రభువు ఒక్క నేరం మోపాడు. మొదట ఉన్న ప్రేమను వదిలేశారన్నాడు. మారకపోతే దీపస్తంభాన్ని దాని చోటునుంచి తీసేస్తానన్నాడు.

గమనించండి. ఆ నాటికి ఎఫెసులో ఒక్క గోడ కూడా కూలలేదు. రేవులోకి ఓడలు వస్తూనే ఉన్నాయి. నగరం ఇంకా వైభవంగానే ఉంది. ఆరాధన జరుగుతోంది, బోధ సరిగ్గా ఉంది. శిథిలం అప్పటికే లోపల మొదలైంది. పౌలు మెడమీద పడి ఏడ్చిన తరం ఇంకా పూర్తిగా వెళ్లిపోకముందే, వాళ్ల పిల్లల కాలంలోనే ఆ ప్రేమ పూడిపోయింది. ఒక్క తరం చాలింది.

గూడెంలో రెండు గుర్తులు

ఇదంతా దూరపు సంగతి అనిపిస్తే తాడేపల్లిగూడెంలోనే ఒకసారి చుట్టూ చూడండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిషువారు ఇక్కడ విమానాల కోసం పొడవాటి రన్‌వే వేశారు. యుద్ధం అయిపోయింది, విమానాలు వెళ్లిపోయాయి, సామ్రాజ్యమే వెళ్లిపోయింది. ఆ రన్‌వే మిగిలింది. అది మన ఊరి శిథిలం.

అదే ఊళ్లోంచి ఏలూరు కాలువ కూడా పారుతోంది. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని పశ్చిమ డెల్టాకు వచ్చిన నీరది. ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ కరవుకు చచ్చిపోతున్న జనాన్ని చూసి, ఇక్కడివారికి నీళ్లివ్వాలని పైఅధికారులతో ఏళ్ల తరబడి పోరాడిన విశ్వాసి. ఒకే ప్రభుత్వం ఒకే ఊళ్లో రెండు గుర్తులు వదిలి వెళ్లింది. యుద్ధం కోసం పరిచినది ఖాళీగా పడి ఉంది. దాహానికి ఇచ్చినది నూట డెబ్బై ఏళ్లు దాటినా పారుతోంది. కాటన్ పేరు చెప్పి గోదావరి జిల్లాల రైతులు ఈనాటికీ దండం పెట్టుకుంటారంటే ఆ నీటి వల్లనే.

అయితే కాలువ కూడా దానంతటది పారదు. వేసవిలో నీళ్లు కట్టేసి పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగేయాలి, గట్లు సరిచేయాలి. ఒకప్పుడు బాగా పారిందన్న పేరు చివరి భూమికి నీళ్లివ్వదు. ఏటేటా తవ్వాలి. ఎఫెసు సంఘానికి ప్రభువు చెప్పిన మందు కూడా ఇంతే. ఎక్కడినుంచి పడ్డారో గుర్తు తెచ్చుకోండి, మారుమనస్సు పొందండి, మొదట చేసిన పనులు మళ్లీ చేయండి అన్నాడు (ప్రకటన 2:5). మొదటి ఉత్సాహం మళ్లీ తెచ్చుకోమనలేదు, మొదటి పనులు చేయమన్నాడు. ప్రేమ తిరిగి పారడానికి దారి అదే.

మన సంఘాల్లో పూడిక

మన సంఘాల్లో ఆ మొదటి పనులేమిటో పెద్దవాళ్లను అడగండి. తాటాకు పాకలో ఆరాధన జరిగిన రోజుల్లో ప్రతి ఇంట్లో అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం దేవుని పేరిట పక్కన పెట్టేవారు. ఆ గుప్పెడే సంఘంలోని అనాథకు అన్నమయ్యేది, కాపరికి జీతమయ్యేది. కొల్లేటికి వరద వస్తే మెరక ఊళ్లవారు పల్లపు ఊళ్లవారిని తమ అరుగుల మీద పడుకోబెట్టుకునేవారు. ఎవరూ రాసిపెట్టలేదు. తిన్నవారికి గుర్తుంది.

ఇప్పుడు పాకలు పోయి మందిరాలు వచ్చాయి. సంతోషమే. మంచి కట్టడం పాపం కాదు. కానీ గుమ్మం పక్కన చలువరాయి మీద ఎవరి పేరు పైన ఉండాలన్న దగ్గర సంఘాలు రెండుగా చీలుతున్నాయి. ఒకే వీధిలో రెండు మందిరాలు, రెండు మైకులు, ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. ముందువరసలో కూర్చునే ముసలమ్మ మూడు ఆదివారాలు రాకపోతే ఎందుకు రాలేదో అడిగేవారు లేరు. కూతురు కువైట్‌లో పని చేసి డబ్బు పంపుతుంది, ఆసుపత్రికి చేయి పట్టుకుని తీసుకెళ్లే మనిషి లేడు. లంకల్లో నాలుగు ఊళ్లకు మోటారుసైకిలు మీద తిరిగే కాపరికి పెట్రోలు ఎక్కడినుంచి వస్తోందో ఎవరూ అడగరు. ఇవి గోడలు కూలే సంగతులు కావు. ఒక్కొక్కటి ఒక పొర ఒండ్రు. ఆరాధన నడుస్తూనే ఉంటుంది, కానుక వస్తూనే ఉంటుంది, దీపస్తంభం మాత్రం కదులుతూ ఉంటుంది.

ఈ శీతాకాలంలో మీ సంఘం పెదవేగికి ఒక రోజు ప్రయాణం పెట్టుకోవాలని కోరుతున్నాం. ఆదివారపు బడి పిల్లలను తప్పక తీసుకెళ్లండి. దిబ్బ మీద ఇటుకముక్క కూడా తీయవద్దని వాళ్లకు ముందే చెప్పండి. అది రక్షిత స్థలం, రేపటి పిల్లలకూ అది మిగలాలి. అక్కడ చెట్టు నీడన కూర్చుని మూడు భాగాలు చదవండి. మార్కు 12:41 నుంచి 13:2 వరకు. అపొస్తలుల కార్యములు 20:17 నుంచి 38 వరకు. ప్రకటన 2:1 నుంచి 7 వరకు. ఓపిక ఉంటే అక్కడినుంచి కామవరపుకోట వైపు వెళ్లి గుంటుపల్లి బౌద్ధ గుహలు కూడా చూడండి. వేంగి కంటె పాతవి. కొయ్య ఇంటి దూలాలను రాతిలో చెక్కిన పనితనం చూస్తే ఈ నేల మీద మనకంటె ముందు ఎంతమంది ఎంత శ్రద్ధగా వెతికారో తెలుస్తుంది. ఇతరుల శ్రద్ధను గౌరవించడం కూడా ప్రేమలో భాగమే.

చదివాక పిల్లలను వాళ్ల మాటల్లో చెప్పమనండి. మన మందిరం కూడా ఎప్పుడో ఒక దిబ్బ అయితే, మన సంఘం గురించి ఎవరి దగ్గర ఏమి మిగిలి ఉండాలి? పెద్దలు జవాబు చెప్పేముందు ఒకసారి గుండె మీద చేయి వేసుకుని ఆలోచించుకోవాలి. మనవల్ల కడుపు నిండినవారు, మనవల్ల బడికి వెళ్లినవారు, మనవల్ల క్షమాపణ పొందినవారు ఎంతమంది ఉన్నారో అంతే మన సంఘం పొడవు, వెడల్పు.

ఎఫెసులో ఇవాళ కాపురాలు లేవు. కానీ ఆ సంఘానికి రాసిన ఉత్తరం గూడెంలో, ఏలూరులో, కొల్లేటి లంకల్లో ఇంకా చదువుకుంటున్నాం. అది పోయినవారి చరిత్రగా కాక, మన చిరునామాకు వచ్చిన ఉత్తరంగా చదువుకుందాం. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి వెళ్లే దారిలో, మూడు వారాలుగా కనిపించని ఆ ముసలమ్మ గుమ్మం దగ్గర ఆగుదాం. పూడిక తీత అక్కడ మొదలవుతుంది.